చెనక్కాయ సీమ నుంచి చాక్లెట్ కార్ఖానాకు



ఎండాకాలం సెలవులొస్తే మన అనంతపురం జిల్లా వాళ్ళు ఎక్కడికి పోతారు? ఎక్కువమంది తిరుపతికి. మొక్కు తీరాక కాస్త చల్లగాలి కూడా కావాలనుకునే వాళ్ళు బెంగళూరు మీదుగా ఊటీకి. ఊటీ నుంచి వచ్చినవాళ్ళ సంచిలో ఒక నీలగిరి తైలం సీసా, దాని పక్కనే హోమ్‌మేడ్ చాక్లెట్ల పొట్లం ఉండి తీరాల్సిందే. పెనుకొండ దాటేసరికి ఆ పొట్లంలో ముక్కలన్నీ కరిగి ఒకే గడ్డ అవుతాయి. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి, గట్టిపడ్డాక రోకలితో కొట్టి, ఇరుగుపొరుగుకు పంచిన వాళ్ళను నేనెరుగుదును.

మా తరానికి చాక్లెట్ అంటే ఊటీది కూడా కాదు, చిత్తూరుది. 1952లో చిత్తూరులో మొదలైన న్యూట్రిన్ కంపెనీ బిళ్ళలే మాకు తెలిసిన చాక్లెట్లు. పంద్రాగస్టు నాడు జెండా ఎగరేశాక అరచేతిలో పడేవి అవే. పుట్టినరోజున కొత్త గుడ్డలు కట్టుకొని పంతుళ్ళకు రెండేసి, పిల్లలకు ఒక్కొక్కటి పంచినవీ అవే. చక్కెర పాకం, పాలు, కాస్త వాసన. వాటిలో చాలావాటికి కోకో గింజతో చుట్టరికమే లేదు. ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఈసారి ఎండాకాలం మేము ఊటీ దారి పట్టలేదు. కూతురు హైదరాబాదులో ఉంటుంది. మనవణ్ణి వెంటబెట్టుకొని రాత్రి రైలెక్కాను. వాడికి చార్మినార్ మీద మోజు లేదు, గోల్కొండ ఎక్కే ఓపిక నాకు లేదు. వాడు ముందే పట్టుబట్టి కూర్చున్నది బంజారాహిల్స్ పన్నెండో నంబరు రోడ్డులో ఉన్న ‘మనం చాక్లెట్ కార్ఖానా’ అనే చోటు కోసం. 2023 ఆగస్టులో తెరిచారు దాన్ని. ఆల్మండ్ హౌస్ మిఠాయి దుకాణాలు హైదరాబాదు వాళ్ళందరికీ తెలిసినవే. వాటిని నడిపే చైతన్య ముప్పాలే దీన్నీ పెట్టారు. 2024లో అమెరికా టైమ్ పత్రిక ప్రపంచంలో చూడదగ్గ గొప్ప స్థలాల జాబితా వేస్తే, అందులో దీని పేరుంది. నిజం చెప్పాలంటే, ఆ మాట విన్నాక నాకు అనుమానమే పెరిగింది. పత్రికలు పొగిడిన చోట కాఫీ ఖరీదెక్కువ, కుర్చీలు తక్కువ అని నా అనుభవం.

చాక్లెట్ ఫ్యాక్టరీ చూడటానికి జనం పోవడం ప్రపంచంలో కొత్తేమీ కాదు. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ పక్కన బోర్న్‌విల్‌లో క్యాడ్‌బరీ వాళ్ళు 1990లోనే అందుకోసం ఒక పెద్ద కేంద్రం తెరిచారు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో హెర్షీ అనే ఊరికి ఊరే చాక్లెట్ పేరు మీద బతుకుతుంది. అక్కడ ఉద్యోగాలు చేసే మన తెలుగు పిల్లలు, అమ్మానాన్నలు చూడబోతే, నయాగరా తర్వాత తీసుకెళ్ళే చోట్లలో అదీ ఒకటి. మన రాష్ట్రంలో శ్రీసిటీలో 2016లో మాండెలీజ్ కంపెనీ పెద్ద ఫ్యాక్టరీ పెట్టింది. డెయిరీ మిల్క్ అక్కడా తయారవుతుంది. కాకపోతే అది మనలాంటి వాళ్ళు సెలవుల్లో సంచీ తగిలించుకొని పోయే చోటు కాదు.

అసలు సంగతికొస్తాను. చాక్లెట్ దుకాణాల్లో రెండు రకాలున్నాయి. పెద్ద కంపెనీలు చేసిన చాక్లెట్ దిమ్మలు కొని, కరిగించి, అచ్చుల్లో పోసి, పైన జీడిపప్పో కిస్‌మిస్సో అద్ది అమ్మేది ఒక రకం. కొండ ఊళ్ళలో కనబడేవి చాలావరకు ఇవే. తప్పేం లేదు, రుచిగానే ఉంటాయి. రెండో రకం వాళ్ళు గింజ దగ్గర మొదలుపెడతారు. హైదరాబాదులో మేము చూసింది ఈ రెండోది. గాజు గోడ అవతల మిషన్లు తిరుగుతుంటాయి, ఇవతల మనం నిలబడి చూస్తుంటాము. చెప్పేవాళ్ళు ఓపికగా చెబుతారు. కానీ ఆ గాజు గోడ వెనక జరిగేది సగం పనే. మిగతా సగం, నన్నడిగితే పెద్ద సగం, అక్కడికి మూడొందల కిలోమీటర్ల దూరంలో గోదావరి గడ్డ మీద ముందే జరిగిపోయి ఉంటుంది.

కోకో కాయ కొమ్మల చివర కాయదు. మాను మీదా, లావు కొమ్మల మీదా అంటుకొని కాస్తుంది. పండితే పసుపో నారింజో రంగుకు తిరుగుతుంది. పగలగొడితే లోపల తెల్లటి గుజ్జు, ఆ గుజ్జులో ముప్పై నలభై గింజలు. గుజ్జు మన కొండ సీతాఫలానికి నాలుగు చుక్కలు నిమ్మరసం పిండినట్టుంటుంది. గింజ మాత్రం వట్టి చేదు, వగరు. పచ్చి గింజ కొరికి చూస్తే అందులో చాక్లెట్ ఎక్కడుందో చెప్పడం ఎవరితరమూ కాదు.

మరి ఎప్పుడొస్తుంది ఆ రుచి? పులిసినప్పుడు. ఏలూరు జిల్లా తడికలపూడిలో, అంటే మునుపటి పశ్చిమ గోదావరిలో, ఈ కార్ఖానాకు తోడుగా నడిచే డిస్టింక్ట్ ఆరిజిన్స్ అనే సంస్థ గింజలు పులియబెట్టే కేంద్రం నడుపుతోంది. చుట్టుపక్కల తోటల గింజలు అక్కడికి చేరతాయి. కొయ్య పెట్టెల్లో పోసి కప్పెడతారు. మొదట ఈస్టు, గుజ్జులోని చక్కెరను సారాయి చేస్తుంది. తర్వాత గాలి తగిలేలా గింజలు తిరగేస్తే, ఇంకో రకం సూక్ష్మజీవులు ఆ సారాయిని వెనిగర్‌గా మారుస్తాయి. పొయ్యీ లేదు, నిప్పూ లేదు, కుప్ప తనంతట తానే 45, 50 డిగ్రీల దాకా కాగుతుంది. ఆ వేడికి, ఆ పులుపుకు గింజ మొలకెత్తే శక్తి చచ్చిపోతుంది. లోపలి మాంసకృత్తులు, చక్కెరలు విడివడతాయి. రేపు వేయించేటప్పుడు చాక్లెట్ వాసనగా మారేది ఆ సరుకే. ఐదారు రోజుల పని ఇది. తొందరపడితే గింజలో వగరు మిగులుతుంది, మరీ ఏమారితే కుళ్ళు కంపు కొడుతుంది. తర్వాత ఎండలో ఆరబెట్టి, తేమ ఏడు శాతానికి దించుతారు. అంతకంటే ఎక్కువ తేమతో గోతాం కడితే బూజు ఖాయం.

ఇది వింటూ ఉంటే నాకు మన కళ్ళాలు గుర్తొచ్చాయి. చెనక్కాయ పీకిన తర్వాత వామి వేయడంలో, కాయ ఆరబెట్టడంలో ఏమరుపాటు చేస్తే బూజు పట్టేది, చేదెక్కేది మనకూ తెలుసు. ఆ బూజు నుంచే అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. చివర్లో వాన మొహం చాటేసి, ఎండకు కాయ బెట్టతగిలితే పొలంలోనే అది మొదలవుతుంది. విదేశాలకు పంపే సరుకులో మొదట పరీక్ష చేసేది దానికే. కోకో అయినా చెనక్కాయ అయినా మంచిచెడ్డలు మిల్లులో తేలవు, రైతు కళ్ళంలోనే తేలిపోతాయి.

హైదరాబాదు గాజు గోడ దగ్గరికి మళ్ళీ వద్దాం. ఎండిన గింజలను ఏరి, రాళ్ళూ పుల్లలూ తీసేసి, వేయిస్తారు. గింజను బట్టి, కావాల్సిన రుచిని బట్టి 120 నుంచి 140 డిగ్రీల మధ్యన. ఎక్కడ ఆపాలో ముక్కు చెబుతుంది. తర్వాత గింజ పగలగొట్టి, గాలి తోలి పొట్టు ఎగరగొడతారు. మనవాడు నోరు తెరుచుకొని చూస్తున్నాడు. నేను చేట పట్టి యాభై ఏళ్ళుగా చేసిన పనికి అక్కడ అంత పెద్ద మిషను ఉంది.

ఆ తర్వాత రుబ్బడం. ఇక్కడొక ముచ్చట చెప్పాలి. ప్రపంచమంతా ఇవాళ చిన్న చిన్న చాక్లెట్ కార్ఖానాలు వెలిశాయంటే దానికి మన కోయంబత్తూరు గ్రైండరు చేసిన మేలు చాలా ఉంది. అమెరికాలో ఇంట్లోనే గింజ నుంచి చాక్లెట్ చేద్దామనుకున్న వాళ్ళకు పెద్ద కంపెనీల మిషన్లు కొనే తాహతు లేదు, చిన్న మిషన్లు దొరకవు. వెతగ్గా వెతగ్గా వాళ్ళకు ఇడ్లీ పిండి రుబ్బే గ్రైండరు కనబడింది. గ్రానైటు అడుగు, గ్రానైటు గుండ్లు. మోటారును మాత్రం రోజుల తరబడి ఆపకుండా తిరిగేలా మార్చుకున్నారు. ఇప్పుడు చాక్లెట్ కోసమని అమ్మే చిన్న మిషన్లు చాలావరకు దాని సంతతే. అందులో కోకో పలుకులు వేసి తిప్పితే, నీళ్ళ చుక్క పోయకుండానే ముద్ద జారుగా అవుతుంది. కారణం, గింజలో సగానికి పైగా కొవ్వే. దానికి చక్కెర చేర్చి ఒకటి రెండు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, రుబ్బుతూనే ఉంటారు. పలుకు మిల్లీమీటరులో యాభయ్యో వంతుకు నలిగితే తప్ప నాలుక దాన్ని మెత్తన అని ఒప్పుకోదు. ఆ తిప్పడంలోనే ఘాటైన పులుపు వాసనలు ఎగిరిపోతాయి. ఇలా ఎక్కువసేపు కలియబెట్టే పద్ధతిని 1879లో స్విట్జర్లాండ్‌లో రొడాల్ఫ్ లింట్ అనే ఆయన మొదలుపెట్టాడు. అంతకు ముందు చాక్లెట్ ముక్క పళ్ళ కింద ఇసుక ఇసుకగా ఉండేదట.

ఇక కరిగే సంగతి, మన ఎండలకు బాగా పనికొచ్చేది. కోకో వెన్న ఆరు రకాలుగా పేరుకుంటుంది. అందులో ఒక్క రకమే మనకు కావాల్సింది. నిగనిగలాడుతుంది, విరిస్తే ఫట్మంటుంది, 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మన నోటి వేడి 37 కాబట్టి నాలుక మీద పెట్టగానే జారిపోతుంది. ఆ ఒక్క రకం రావడానికి చాక్లెట్‌ను వేడి చేసి, 27 దాకా చల్లార్చి, మళ్ళీ 31, 32కి తెస్తారు. ఒక డిగ్రీ అటూ ఇటూ అయినా పని చెడుతుంది. ఇంత కష్టపడి చేసిన దాన్ని తెచ్చి ఏప్రిల్ నెలలో మన కిరాణా కొట్టు అలమరలో పెడితే ఏమవుతుంది? పగలు కరుగుతుంది, రాత్రి గట్టిపడుతుంది, కానీ ఈసారి వేరే రకంగా. అందుకే పైన తెల్లటి పొర వస్తుంది. చాలామంది బూజనుకొని పారేస్తారు. అది కోకో వెన్న పైకి తేలడమే, తింటే ప్రమాదం లేదు, రుచి మాత్రం తగ్గుతుంది. ఎండలో పెట్టినా కరగని చాక్లెట్ మీ చేతికొస్తే అట్ట వెనక చూడండి. కోకో వెన్న బదులు హైడ్రోజనేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్ అని రాసి ఉంటుంది.

రుచి చూడటానికీ ఒక పద్ధతి ఉందని అక్కడ తెలిసింది. నమలకూడదు. విరిచి చప్పుడు వినాలి, వాసన చూడాలి, నాలుక మీద పెట్టి ఊరుకోవాలి. మధ్యలో ఒక గుక్క నీళ్ళు. మావాడికి ఊరుకోవడం ఒక్కటే చేతకాలేదు. 70 శాతం అని రాసి ఉన్న దాంట్లో నూటికి 70 పాళ్ళు కోకో గింజ నుంచి వచ్చింది, మిగతాది దాదాపు చక్కెరే. మొదటి ముక్క నాకు చేదనిపించింది. రెండో ముక్క ఇంకో తోట గింజలది. చెయ్యి అదే, మిషను అదే, చక్కెర వంతు కూడా అంతే. అయినా ఒకదాంట్లో ఎండు ద్రాక్ష పులుపు, ఇంకోదాంట్లో వేయించిన పప్పు వాసన. కల్పన కాదు, వాడికీ తేడా తెలిసింది. ఒకే తోట గింజలతో చేసిన బిళ్ళలు ప్రత్యేకంగా పెట్టి, ఏ తోటదో ఏ రైతుదో చెప్పి అమ్ముతున్నారు. నేను ఆ అట్ట పట్టుకొని చాలాసేపు నిలబడిపోయాను.

"అవ్వా, మన ఊళ్ళో ఈ చెట్టు పెంచుదామా?" అన్నాడు మనవడు.

పెరగదు నాయనా. ఈ చెట్టుకు ఏడాదికి 1500 మిల్లీమీటర్ల పైన వాన కావాలి, నీడ కావాలి, గాలిలో తడి కావాలి. మనకు మంచి ఏడాదిలో పడేది 550. దేశంలో బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో మనదొకటని చిన్నప్పటి నుంచి వింటున్నదే. కుర్తాళంలో 1798లో ఈస్టిండియా కంపెనీ వాళ్ళు మన దేశంలో మొదటిసారి కోకో నాటారు. కుర్తాళం అంటే జలపాతాల ఊరు, ఊరికే ఎంచుకోలేదు. గోదావరి జిల్లాల్లో కొబ్బరి, ఆయిల్‌పామ్ చెట్ల నీడలో అది అంతరపంటగా కుదురుకుంది, దేశంలో కోకో ఎక్కువగా పండించే రాష్ట్రంగా ఆంధ్రప్రదేశ్ నిలబడింది. మన మడకశిర ఎర్రనేలలో ఆ చెట్టు మొదటి మార్చి గాలికే మాడిపోతుంది.

చెట్టు రాకపోతే పోనీ. నేను అట్ట పట్టుకొని ఆలోచించింది చెట్టు గురించి కాదు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఒక దశలో 8 లక్షల హెక్టార్లలో చెనక్కాయ వేశాము. దేశంలో ఇంకే జిల్లాలోనూ అంత వేయలేదు. కదిరి పరిశోధనా కేంద్రం నుంచి కదిరి-6, కదిరి లేపాక్షి లాంటి రకాలు దేశమంతా పోయాయి. అంత పంట పండించిన మనకు, ఫలానా ఊరి చెనక్కాయ అని ఒక్క పొట్లం మీద రాసి ఉన్నది చూసిన గుర్తుందా? మార్కెట్ యార్డులో తూకం, తేమ, పప్పు దిగుబడి చూస్తారు. రుచి ఎవరూ చూడరు. తర్వాత అది నూనె డబ్బాలో కలిసిపోతుంది, లేదా పక్క రాష్ట్రం చిక్కీ కంపెనీకి పోతుంది. మెట్ట చేను కాయకూ బోరు కింద కాయకూ రుచిలో తేడా ఉందని మన ఊళ్ళో పిల్లవాడు కూడా చెబుతాడు. ఆ తేడాకు ధర కట్టిన వాడు ఇంతవరకు లేడు.

అట్ట మీద పేరు వేస్తే రైతు కష్టాలు తీరిపోతాయని నేనేమీ భ్రమపడటం లేదు. 2024లో ఐవరీ కోస్ట్, ఘనా దేశాల్లో వానలు, తెగుళ్ళు దెబ్బతీసి పంట తగ్గితే ప్రపంచ మార్కెట్లో టన్ను కోకో ధర పది వేల డాలర్లు దాటింది, డిసెంబరులో పన్నెండు వేలూ దాటింది. గోదావరి జిల్లాల్లో కిలో గింజలు వెయ్యి రూపాయల పైన అమ్ముడుపోయాయి. ఏడాది తిరక్కుండానే ఆ ధర సగానికి జారింది. పెద్ద కంపెనీలు కొనుగోలు తగ్గించాయని రైతులు ధర్నాలు చేశారు, ప్రభుత్వం కల్పించుకొని కిలోకు కొంత సాయం కలపాల్సి వచ్చింది. బంజారాహిల్స్ దుకాణంలో అమ్ముడుపోయే బిళ్ళలు ఎన్ని? రాష్ట్రం మొత్తం పంటలో అది చిటికెడు. పైగా ఆ బిళ్ళ ఖరీదు మన కూలి మనిషి అందుకునేది కాదు. ఈ మాట దాచి పొగడటం నావల్ల కాదు.

అయినా ఒక తేడా చూశాను. బాగా పులియబెట్టి, బాగా ఆరబెట్టిన గింజకు ఇంకో కొనుగోలుదారు ఉన్నాడు. వాడు తూకంతో పాటు రుచి కూడా చూస్తాడు. చూసేవాడుంటే చేసేవాడికి ఓపిక వస్తుంది. గోదావరి ఊళ్ళలో కోకో తోట ఉన్నవాళ్ళు కూడా, తమ గింజలతో చేసిన చాక్లెట్ నోట్లో పెట్టుకొని చూసే అవకాశం ఇన్నాళ్ళకు వచ్చింది.

అందుకే ఒక మనవి. మన జిల్లాల్లో గానుగలు నడిపేవాళ్ళు, చెనక్కాయ ఉండలూ పట్టీలూ చేసే మహిళా సంఘాల వాళ్ళు, రైతు ఉత్పత్తిదారుల సంఘాల వాళ్ళు ఎవరైనా ఈ మాటలు వింటూ ఉంటే, సెలవుల్లో వారానికి ఒక పూట తలుపులు తెరిచి పెట్టండి. కాయ కొట్టడం, వేయించడం, పాకం పట్టడం పిల్లలను నిలబెట్టి చూపించండి. గాజు గోడ అక్కర్లేదు, తాడు కట్టి అవతల ఉండమంటే చాలు. రెండు ఊళ్ళ కాయలు పక్కపక్కన పెట్టి రుచి చూపించండి, ఏది ఏ ఊరిదో చెప్పండి, పొట్లం మీద ఆ ఊరి పేరు రాయండి. తల్లిదండ్రులకు ఇంకో మాట. హైదరాబాదు పోతే ఆ కార్ఖానా చూపించండి, పిల్లలు నేర్చుకునేది చాలా ఉంది. అక్కడ చాక్లెట్ కొంటే మాత్రం తిరుగు ప్రయాణం రాత్రి రైలుకే పెట్టుకోండి. పగటి బస్సులో కర్నూలు దాటదు.